బొరుగులు

దీని అసలు పేరు పిడుగంట.
ఆలూరు అవతల పల్లెలో వేటాడేటోని కాడ పెరిగింది.
ఫారెస్టోళ్ళు కేసు రాసినంక
మూడు వేలకు వదిలించుకున్నాడు ఆ మనిషి.
మద్దిలేటి ఆటోలో ఆదోనికి తెచ్చినాడు,
సగం కుక్క ఒళ్ళో, సగం బయట.

మా పిల్లోడు ఈరన్న చుట్టూ తిరిగి చూసి
"బొరుగుల రంగుండాదే" అన్నాడు.
అంతే. పిడుగు పోయి బొరుగులైంది.

మాది జిన్నింగు మిల్లు వెనక సందు.
రెండు గదులు, ఒక వంటిల్లు.
నిలబడితే దాని మూతి పొయ్యిగట్టుకు సరిగ్గా వస్తాది.
తోక ఒకసారి ఇట్లంటే
గూట్లో గ్లాసులు కింద.
అద్దానివి మానేసి స్టీలువి కొన్నాం.

పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు.
సందులో పోయే ప్రతి మనిషీ లెక్కపెడతారు.
"ఏం సుంకులూ, కుక్కకు కూడు పెట్టవా?"
పూటకు మూడు ముద్దల సంగటి,
ఆదివారం అర కేజీ కోడికాళ్ళు,
మా అత్త తిక్కమ్మ ఎవరికీ తెలీకుండా పెట్టే ఉగ్గాని,
అంతా యాడికి పోతాదో దాని కడుపుకే తెలీదు.
దాని జాతే అంతని చెప్పి చెప్పి
నా నోరెండిపాయ.

దొంగొచ్చినా మొరగదేమో.
గ్యాసు పిల్లోడొస్తే చెయ్యి నాకుతాది.
గాలికి ఒక కవరు కదిలితే మాత్రం
ఒళ్ళంతా ఒక్క కన్నైతాది.
గద్ద నీడ గోడ మీద పోయినా అట్లనే.
ఒక శుక్రవారం ఖాజాబీ కోడిపెట్ట సందు దాటబోయింది.
నాలుగువందల యాభై ఇచ్చినాం.
ఖాజాబీ ఎంచుకుని,
"గుడ్లు పెట్టేది" అని ఇంకో యాభై అడిగింది.
ఇచ్చినాం.

తెల్లారుజామున గొలుసు పట్టుకునేది నేనే.
నేను దాన్ని తిప్పుతాన్నో, అది నన్నో.
అరచేతిలో కాయ కాసింది,
ఇన్నేండ్లు కలుపు తీసినా కాయని చోట.

పత్తికట్టె పీకేసినంక, మాగమాసంలో,
ఎమ్మిగనూరు రోడ్డు పక్క నల్లరేగడి ఖాళీగా ఉంటే
ఈరన్న బతిమాలి బతిమాలి గొలుసు విప్పించినాడు.
చిల్లర పారేసుకున్న ముసలమ్మ మాదిరి
కాసేపు నేల వెతుక్కుంటా తిరిగింది.
గట్టు కింద నుంచి కుందేలు లేచింది.

అప్పుడు చూసినా నేను,
ఇన్నాళ్ళూ మా వంటింట్లో మడిచి పెట్టినదాన్ని.
నాలుగు కాళ్ళూ ఒక చోటికొచ్చి
మళ్ళీ నాలుగూ నేలను వదిలేసి,
తడి పంచె ఇద్దరు చెరో కొస పట్టి దులిపినట్ల
ఆ వెన్ను.
దుమ్ము కనిపించింది మాకు. కుక్క కనిపించలే.
మద్దిలేటి నోట్లో బీడీ అట్లనే ఆరిపోయింది.

తిరిగొచ్చి నా కాళ్ళకాడ పెట్టింది.
ఇంకా వెచ్చగుండాది.
పలచని చెవుల్లోంచి ఎండ కనపడతాంది.
ఈరన్న ఏడ్చినాడు.
"ఇంట్లో మసాలా ఉందా" అన్నాడు వాళ్ళ నాయన ఊరికే.
ఎవరూ నవ్వలే.
అది నా మొగమే చూస్తాంది.
కొట్టాల్నో మెచ్చుకోవాల్నో తెలీక
తల నిమిరినా.
తప్పో ఒప్పో, చెయ్యి దానంతటదే పోయింది.

గట్టు కింద గుంత తీసి పూడ్చి వచ్చినాం.
అత్తకు చెప్తే, చేతిలో చాట దించకుండానే అనింది:
"దాని పని అది చేసింది.
మీరేం పని ఇచ్చినారు దానికి?"

ఇప్పుడు సాయంత్రాలు
మద్దిలేటి టీవీఎస్ వెనక తాడు కట్టి
గోనెపట్ట ముక్క లాగుతాడు మిల్లు గ్రౌండులో.
బొరుగులు దాన్ని పట్టి, విదిలించి,
మీసాలకు దూదిపింజెలు అంటించుకుని
తెచ్చి నా కాళ్ళకాడే పెడతాది.
చాలా? అని చూస్తా.
చాలదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.
తోకైతే ఊపుతాది.

రాత్రి ఈరన్న పక్కనే పడక.
మంచంలో మూడొంతులు దానిదే.
నిద్దట్లో కాళ్ళు పరిగెత్తుతాయి,
గోర్లు గోడకు గీసుకుంటాయి.
వాడు కండ్లు తెరవకుండానే దాని మీద చెయ్యేసి
"వదిలేయి బొరుగులూ, పోనీ" అంటాడు.

ఒక్కోసారి వింటాది.